బొర్రయ్య చదివిన చదువు

తెలుగుదేశమున వ్రాత చిరకాలము వంశపారంపర్యమైన వృత్తిగ చెల్లినది. విజయనగర ప్రభువుల కొలువున రాయసము నిర్వహించినవారి కుటుంబములకు ఆ పదవియే ఇంటిపేరై నేటికిని నిలిచియున్నది. పల్లెలందు కరణము తన తండ్రి యొసగిన కవిలెకట్టను కన్నకొడుకునకు అప్పగించుచు, పొలిమేరలను, మాన్యములను, శిస్తులను తరతరములుగ అక్షరబద్ధము చేయుచు వచ్చెను. ఎడమచేత తాటియాకును పట్టి, ఆ చేతి బొటనవ్రేలి యూతముతో గంటమును నడిపి, గీచిన గీతలపై మసి పులిమి తుడిచినంతనే, అంతవరకు కంటికానని అక్షరములు నల్లని వరుసలై తేలివచ్చెడివి. ఆ నేర్పు సామాన్యమైనది కాదు. కాని చెప్పినది చెప్పినట్లు వ్రాయుటయే ధర్మమైన ఆ వృత్తిలో, "ఇది నీకెట్లు తెలిసినది? దీనికి ఆధారమేమి?" అని యడుగు అవకాశము వ్రాయసకానికి లేకుండెను. ఆ ప్రశ్నను అడుగ నేర్చిననాడు వ్రాయసకాడు పరిశోధకుడయ్యెను. మన నాట ఆ మార్పును తన చిన్నవయసుననే చూపిన యువకుడు కావలి వేంకట బొర్రయ్య.

బొర్రయ్య 1776లో ఏలూరున నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. నారాయణప్ప, లక్ష్మయ్య, రామస్వామి, సీతయ్య ఆయన సోదరులు. ఇంగ్లీషు నేర్చిన నియోగి యువకునకు ఆ కాలమున కుంఫిణీ కచ్చేరీలో దుబాసీ పనియో, గుమాస్తా పనియో సహజమైన జీవనోపాయము. బొర్రయ్యయు ఆ త్రోవనే నడచి, ఇరువదేండ్ల ప్రాయమున కాలిన్ మెకంజీ యను ఇంజనీరుకడ కొలువున చేరెను. స్కాట్లండులోని లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో మన దేశమునకు వచ్చిన మెకంజీకి ఇచ్చటి పూర్వవృత్తాంతములపై అపారమైన ఆసక్తి యున్నను, మొదటి పదుమూడేండ్లును త్రోవ తెలియకయే గడచిపోయినవి. ఒక బ్రాహ్మణునితో కలిగిన పరిచయమే తన్ను భారతీయ విజ్ఞానద్వారమున అడుగిడజేసినదని ఆయన 1817లో ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో చెప్పుకొనెను. యజమానికి దారి చూపినవాడు జీతగాడు. ఆ దారిని నడచుచు తానును ఎదిగినవాడు ఆ జీతగాడే.

1799 మే 4న శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట మైసూరు రాజ్యమును కొలుచు భారము మెకంజీకి సంక్రమించెను. నేలను కొలుచువారు ఒకవంక సాగుచుండగా, బొర్రయ్య మరియొకవంక ఊరి పెద్దలను, అర్చకులను, కరణములను కలిసికొని, ఊరికి ఆ పేరెట్లు వచ్చెనో, గుడి నెవరు కట్టించిరో, మాన్యమును ఏ ప్రభువిచ్చెనో, దానికి శాసనము కలదో లేదో విచారించుచుండెను. ఇది సులభముగ సాగు పని కాదు. పాత పత్రములను చూపినచో సర్కారువారు మాన్యములను హరింతురేమో యను భయము జనులను వెంటాడుచుండెను. ఆ భయమును తీర్చి కవిలెముడి విప్పించుటకు పాండిత్యముకంటె ముందు ఓర్పును, మాటతీరును వలసియుండెను. రాతిపైనున్న హళగన్నడ లిపి ఆ యూరివారికే దురవగాహమైనపుడు బొర్రయ్య దానిని కూడబలుకుకొని చదువ నేర్చెను. అన్నిటికంటె నన్ను ముగ్ధుని చేయునది, ఒక జైన పురోహితునివలన గ్రహించి ఆయన సిద్ధపరచిన జైనమత వృత్తాంతము. పరమతమును ఖండించుటయే పాండిత్యమునకు గీటురాయిగ నెన్నబడుచుండిన కాలమున, ఈ బ్రాహ్మణ యువకుడు జైనులు తమ నమ్మకములను, ఆచారములను ఎట్లు చెప్పుకొందురో అట్లే, వారి మాటగనే, వ్రాసిపెట్టెను. తన అభిప్రాయమును ప్రక్కనుంచి ఇతరుని మాటను చెదరనీయక పట్టుకొనుట వ్రాయసకాని పాతనేర్పు. ఆ మాట ఎవరు చెప్పిరో, ఎక్కడ చెప్పిరో దానితోపాటు నమోదు చేయుట కొత్తగ నేర్చిన చదువు. ఈ రెండును కలిసినచోటనే పరిశోధన పుట్టినది.

1803లో, ఇరువదియేడేండ్లకే, బొర్రయ్య కన్నుమూసెను. ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని చేపట్టి, ఊరూర తిరుగు సహాయకులు తాము చూచినదానిని, విన్నదానిని ఎప్పటికప్పుడు వ్రాసి పంపునట్లు ఏర్పాటు నడపెను. అట్లు కూడినవే మన కైఫీయత్తులు. గుంటూరు సీమ కైఫీయత్తును దేనిని తెరచినను, మౌజే, సర్కారు మొదలగు మాటలతో ఊరి యునికిని చెప్పి, గజపతుల కాలమును, రాయల కాలమును, మొగలాయీని, జమీందారుల యేలుబడిని దాటుచు, గుడిలోని శాసనముల వరకు సాగును. పురాణమును చరిత్రయు అందు పెనవేసికొని యుండునను మాట నిజమే. ఐనను ఊరివారు తమ ఊరినిగూర్చి చెప్పుకొనిన మాట మనకు అక్కడ తప్ప వేరొకచోట దొరకుట అరుదు.

1821లో మెకంజీ మరణించెను. ఆయన కూడబెట్టిన భాండారమున 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక వృత్తాంతములు, 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు ఉన్నట్లు విల్సన్ పండితుడు 1828లో ప్రకటించిన పట్టికవలన తెలియుచున్నది. కుంఫిణీవారు దానిని లక్ష రూపాయలకు కొనిరి. కాని ఆ పరిశోధనను కొనసాగింతునని లక్ష్మయ్య చేసికొనిన విన్నపమును కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు, అట్టి కార్యమునకు ఆయన సమర్థుడు కాడను తలంపుతో త్రోసిపుచ్చిరి. జీవితమునంతయు ఆ పనికే ధారవోసినవానికి ఆ తీర్పు ఎట్లుండెనో తలచినపుడు నా మనస్సు నేటికిని కలుక్కుమనును. శిథిలమగుచుండిన ఆ ప్రతులకు పిదప సి.పి. బ్రౌను నకళ్లు వ్రాయించెను. నీలకంఠశాస్త్రి, నేలటూరి వేంకటరమణయ్యగార్లు 1946లో విజయనగర చరిత్రకు ఆధారములను కూర్చి ప్రకటించినపుడు ఈ కైఫీయత్తులు అక్కరకు వచ్చినవి.

నేడు పట్టము పుచ్చుకొని కళాశాల విడుచు విద్యార్థి, వ్రాతనే వృత్తిగ గైకొనదలచినవాడు, తన తొలి పరిశోధనకై ఒక ఊరికి పోయి, ఒక వృద్ధుని మాట విని, దానిని గుడిగోడపై శాసనముతో సరిచూచుకొని నాలుగు పుటలు వ్రాసినపుడు, తెలిసియో తెలియకయో బొర్రయ్య బడిలోనే కూర్చుండును. చక్కని వాక్యము అభ్యాసమువలన అలవడును. ఆ వాక్యమునకు తాను పూచీపడగలనా యను విచారము మాత్రము అట్టి పనిలో దిగిననే గాని కలుగదు.

1816లో థామస్ హిక్కీ వ్రాసిన చిత్రమున ఎఱ్ఱకోటు తొడిగిన మెకంజీతోపాటు ముగ్గురు దేశీయులు నిలిచియున్నారు. అందొకని చేత తాటియాకుల ప్రతి కలదు. పదుమూడేండ్ల క్రిందటనే పోయిన బొర్రయ్య ఆ చిత్రమున లేడు. ఆయన గుర్తు ఏషియాటిక్ రీసెర్చెస్ పత్రిక 9వ సంపుటమున, ఆ జైన వృత్తాంతపు శీర్షికలో, అనువాదకుని పేరుగ నిలిచినది. ఆ అచ్చుపుటను ఆయన కన్నులార చూడలేదు.