రాగిరేకుకి చిరునామా

కైకలూరులో ఎవరినైనా ఈ ప్రాంతం చరిత్ర అడిగి చూడండి. కథ నేరుగా కొల్లేటికోటకి వెళ్తుంది. గజపతుల కోట, సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేలా శత్రువులు తవ్విన ఉప్పుటేరు, గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చిన సేనాని. కథ బాగుంటుంది. ఎప్పుడు జరిగింది అని అడిగితే మాత్రం జవాబు దొరకదు.

ఆ 'ఎప్పుడు' కోసమే వందేళ్ల కిందట గోదావరి గట్టున కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. 1922లో రాజమండ్రిలో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి అది. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి ఆ ఏడాదితో సరిగ్గా 900 ఏళ్లు. ఆ సందర్భంగా ఒక ప్రత్యేక సంచిక తెచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 900 ఏళ్లని ఎలా తెలిసింది? కోరుమిల్లిలో దొరికిన రాగిరేకుల వల్ల. ఆ పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, సూర్యుడు సింహరాశిలో ఉండగా, బహుళ విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం నాడు జరిగిందని అందులో ఉంది. లెక్క వేస్తే 1022 ఆగస్టు 16 అవుతుంది. ఆ రోజు నిజంగానే గురువారం. మా వృత్తిలో దీన్ని చెక్‌సమ్ అంటాం. డేటాతో పాటే, అది చెడిపోలేదని రుజువు చేసే ఇంకో అంకె కూడా పంపుతాం కదా, అలాంటిదే ఇది. తిథికి వారం కలవకపోతే చదవడంలో తప్పు జరిగి ఉండాలి, లేదా శాసనమే దొంగది కావాలి. దొంగ శాసనాలు పుట్టించిన వాళ్లు ఆ కాలంలోనూ ఉన్నారు. భూమి హక్కు అంటే ఎప్పుడైనా భూమి హక్కే.

మండలిని నడిపించిన వాళ్లలో ఎక్కువమందికి చరిత్ర జీతమిచ్చే ఉద్యోగం కాదు. భావరాజు వెంకట కృష్ణారావు వకీలు. 'ఆంధ్రుల చరిత్రము' రాసిన చిలుకూరి వీరభద్రరావు పత్రికల్లో పనిచేసిన మనిషి. రాళ్లబండి సుబ్బారావు శాసనాలూ విగ్రహాలూ నాణేలూ పోగుచేశారు. రాజమండ్రిలో ఇప్పుడున్న ప్రభుత్వ మ్యూజియం ఆయన పేరు మీదే ఉంది. 1926 నుంచి మండలి ఇంగ్లీషులో ఒక జర్నల్ నడిపింది. తెలుగులో కళింగ సంచిక, కాకతీయ సంచిక, రెడ్డి సంచిక తెచ్చింది. దాదాపు అదే కాలంలో హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి పుట్టి, 1935లో 'తెలంగాణ శాసనములు' అచ్చువేసింది. నిజాం ఏలుబడి ఒకవైపు, బ్రిటిష్ పాలన ఇంకోవైపు. పని మాత్రం ఒకటే.

ఆ పనికి కైకలూరు పరిసరాల్లోనే ఉదాహరణ ఉంది. పక్కనే మండవల్లి మండలంలో కానుకొల్లు అనే ఊరుంది. అక్కడ రెండు శాలంకాయన శాసనాలు దొరికాయి. ఏలూరు దగ్గర పెదవేగి రాజధానిగా, సుమారు 1,600 ఏళ్ల కిందట ఈ నేలని ఏలిన వంశం వాళ్లది. ఆ రేకుల్ని చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో అచ్చువేయించింది ఆ రాజమండ్రి వకీలు కృష్ణారావే. అంతకు చాలా ముందే, 1876లో, కొల్లేరులో దొరికిన నందివర్మ శాసనాన్ని ఫ్లీట్ ప్రకటించాడు. దేవవర్మ ప్రాకృత శాసనంలో 'ఏలూర' అని ఊరి పేరే ఉంది. ఇవాళ బస్సు బోర్డు మీద మనం చదివే పేరు అది.

రాగిరేకంటే నిజానికి పొలం దస్తావేజు. రేకులకి చిల్లులు పొడిచి, ఒక కడియం దూర్చి, దాని మీద రాజముద్ర వేసేవాళ్లు. కడియం తెగకుండా ఉంటే మధ్యలో రేకు మార్చలేదని నమ్మకం. చదివేవాళ్లకి ఇవన్నీ కావాలి. ఎన్ని రేకులు, కడియం తెగి ఉందా, ముద్ర మీద ఏముంది, అన్నిటికంటే ముందు, ఎక్కడ దొరికింది. ఊరు తెలియని శాసనంలో రాజు పేరు మిగులుతుంది. అందులోని పొలిమేరల్ని నేల మీద వెతుక్కునే దారి మాత్రం చాలావరకు మూసుకుపోతుంది.

ఆ తరం చూడనిదీ ఉంది. సంచికల పేర్లన్నీ రాజవంశాలవే. దానం పుచ్చుకున్నవాళ్లకి రాగిరేకు దక్కింది. కొల్లేట్లో మావులు వేసి చేపలు పట్టుకున్నవాళ్ల కోసం ఎవరూ రేకు చెక్కించలేదు. వాళ్ల గతం వెతకాలంటే శాసనాలు చాలవు. పెంకులు, వలగుళ్లు, పాత లంకదిబ్బలు చూడాలి. అవి రాగికంటే తేలిగ్గా చెదిరిపోతాయి.

ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అదే. నాగలి జానెడు లోతు దున్నుతుంది. చేపల చెరువు కోసం దిగిన పొక్లెయిన్ ఎకరాలకి ఎకరాలు తవ్వి గట్టు పోస్తుంది. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుగట్లు పేల్చారు. పక్షుల గురించీ బతుకుదెరువు గురించీ చాలా వాదన జరిగింది, జరగాల్సిందే. అటూ ఇటూ తిరగబడిన ఆ మట్టిలో ఏముందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు.

దొరికినవాడు ఎందుకు చెప్పడన్నది అర్థం చేసుకోలేనిది కాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. ప్రభుత్వం తీసుకుంటే ఆ వస్తువులోని పదార్థం విలువ, దాని మీద ఐదో వంతు ఇస్తారు. అంటే రాగికి రాగి ధర. అక్షరాలకి ఏమీ లేదు! పోలీసులు, పంచనామా, పని ఆగిపోతుందన్న భయం. కరిగించేవాడి దగ్గర ఈ తలనొప్పులేవీ ఉండవు.

అందుకే ఊరి స్థాయిలో ఒక సంఘం ఉండటం సరదా వ్యవహారం కాదు. భయపడకుండా చూపించగలిగే మనిషి ఊళ్లో ఒకడుండాలి. 1922లో ఆ మనిషి వకీలో పత్రికా రచయితో అయ్యాడు. ఇప్పుడు ఫోన్ ఉన్న ఎవరైనా కావచ్చు. చింతపండుతో తోమకుండా, కడియం తెంచకుండా, పక్కన స్కేలు పెట్టి రెండువైపులా ఫొటోలు తీసి, ఊరూ సర్వే నంబరూ లోతూ రాసి, తహసీల్దారుకి చెప్పేటప్పుడు రైతు పక్కన నిలబడితే చాలు. చదవడం తర్వాత ఎవరైనా చదువుతారు.

మన ప్రాంతం ఎంత ప్రాచీనమో చెప్పే పోస్టులకి ఇప్పుడు కొదవలేదు. వాటిని షేర్ చేయడానికి ఒక్క క్షణం చాలు. ఆ పోస్టులో కనిపించే '1022' అనే అంకె వెనక మాత్రం ఒక రేకుని కరిగించకుండా చూపించినవాడు ఉన్నాడు, వారం కలిసిందో లేదో లెక్కవేసినవాడు ఉన్నాడు. 2022 ఏప్రిల్లో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. జిల్లా పేరు మారినా పాత కాగితాలతో సరిచూసుకోవచ్చు. గట్టు కింద పడిపోయిన రేకుని ఏ కాగితంతో సరిచూసుకుంటాం?