సీసాలలో బుట్టిన రాజ్యము



నేడు నేను మీకు విన్నవింపబోవునది జరిగిన రాజ్యము కథ కాదు. జరుగునేమో యని యొక రచయిత వెరచి వ్రాసిన రాజ్యము కథ. చరిత్ర చెప్పవలసిన చోట కల్పిత కథ యేల యని మీరడుగవచ్చును. ఒక కాలమువారు చేసిన పనులే కాదు, వారు దేనికి భయపడిరో తెలిసికొనుటయు జరిత్రయే. శాసనములు రాజుల యాజ్ఞలను దెలుపును. కథలు ప్రజల గుండెలోని దిగులును దెలుపును.

ఆల్డస్ హక్స్‌లీ యను ఆంగ్లేయుడు 1894లో జన్మించెను. ఆయన తాత థామస్ హక్స్‌లీ, డార్విను సిద్ధాంతమునకు గోటగోడవలె నిలిచిన శాస్త్రజ్ఞుడు. అన్న జూలియన్ జీవశాస్త్ర పండితుడు. అట్టి యింట బెరిగిన యీతడు 1932లో "బ్రేవ్ న్యూ వరల్డ్" అను నవలను బ్రకటించెను. అద్భుతమైన క్రొత్తలోకమని దాని యర్థము. ఆ పేరు షేక్స్పియరు నాటకమునుండి గ్రహింపబడినది. అది యెత్తిపొడుపుగా బెట్టిన పేరని కథ చదివినవారికి దెలియును.

ఆ కథాకాలము ఫోర్డు శకము 632, అనగా మన లెక్కకు 2540వ సంవత్సరము. ఫోర్డు దొరగారు సామాన్యుల మోటారుబండిని వెలువరించిన 1908 మొదలు వా రా శకమును లెక్కింతురు. ఒకే యచ్చున బండ్లను దయారుచేసిన యా పద్ధతినే మనుష్యులకును బట్టించిరి. లండను నగరమున 34 అంతస్తుల భవన మొకటి. అందు శిశువులు సీసాలలో బెరుగుదురు. తల్లి యను మాట యచట సిగ్గుమాలిన మాట. ఒక్క యండమునుండి 96 మంది వరకు నొకే పోలికగల కవలలను దీయుదురు. పుట్టువారిని గ్రీకు అక్షరముల పేర నైదు తరగతులుగా విభజింతురు. అల్ఫాలు పాలించువారు, ఎప్సిలానులు మోటుపని చేయువారు. పిండదశయందే యెప్సిలానునకు బ్రాణవాయువు తగ్గింతురు. దేహము గిడసబారును, బుద్ధి మందగించును. అప్పుడు వానికి దన పనిమీద నసంతృప్తి పుట్టదు.

ఇంతటితో వారికి దృప్తి లేదు. డెల్టా తరగతి పసిపాపల ముందర రంగురంగుల పుస్తకములను, గులాబీపూలను బెట్టుదురు. పాప చేయి సాచినంతనే చెవులు బ్రద్దలగు ధ్వని, పిమ్మట విద్యుద్ఘాతము. మరల మరల నట్లు చేయగా, బ్రతికినన్నాళ్లు వారు పుస్తకమును, బువ్వును జూచిన వణకుదురు. పుస్తకము చదివినచో బ్రశ్న పుట్టును. పువ్వును జూచి సంతసించుటకు డబ్బు వ్యయము కాదు, అందువలన గర్మాగారములకు లాభము లేదు. నలువది యేండ్లు పిల్లలచేతికి బలక నిచ్చిన నా వంటివాని కీ ఘట్టము చదువుట కష్టము.

పెద్దలైన పిమ్మట వారికి దుఃఖము కలిగెనా, ప్రభుత్వమే యొక మాత్ర నిచ్చును. దాని పేరు సోమ. ఈ పేరు మన వేదములోనిదే. ఋగ్వేదమున దొమ్మిదవ మండలమంతయు సోమునికే యంకితము. అయిన భేదమును గమనింపుడు. యజ్ఞమున సోమమును దంచి, వడియగట్టి, దేవతల కర్పించి, పిమ్మట నందరు బంచుకొందురు. హక్స్‌లీ సోమను మ్రింగినవాడు ప్రశ్నింపడు. ఖడ్గము లేక, చెరసాల లేక, రాజ్యము నడచును. తన సంకెలను దానే ప్రేమించువానికి గావలి యెందులకు?

కుండలలో బుట్టిన బిడ్డలు మనకు గ్రొత్త కాదు గదా యని మీలో గొందరు తలపవచ్చును. భారతమున గాంధారి గర్భపిండమును వ్యాసభగవానుడు విభజించి నేతికుండలలో నుంచగా గౌరవులు పుట్టిరి. దీనిని బట్టి మన పెద్ద లీ శాస్త్రము నెరుగుదురని చాటుట నా యుద్దేశము కాదు, పురాణము పురాణమే. కాని యొక సంగతి చూడుడు. ఆ కుండలకు గాంధారి యను తల్లి కలదు. ఆ నూర్గురిలో వికర్ణు డొకడు. నిండుసభలో ద్రౌపది ప్రశ్నకు బెద్దలు మౌనము వహింపగా, దుర్యోధనుని తమ్ముడే లేచి యిది యన్యాయమనెను. ఒకే పిండము, ఒకే నేయి. అయినను వానిలో ధర్మము పలికెను. హక్స్‌లీ రాజ్యము పిండదశనుండి చేయు ప్రయత్నమంతయు వికర్ణుడు పుట్టకుండుటకే. ఎట్లో పుట్టెనా, వానిని దూరద్వీపమునకు బంపివేయుదురు.

ఈ భయ మాకాశమునుండి యూడిపడలేదు. 1923లో కేంబ్రిడ్జియందు జె.బి.ఎస్. హాల్డేను అను శాస్త్రజ్ఞుడు, ముందు కాలమున శిశువులు గర్భము వెలుపల బెరుగుదురని యుపన్యసించెను. అది మరుసటి యేడు పుస్తకమయ్యెను. ఆయన దానిని మానవాభ్యుదయముగా దలచెను. హక్స్‌లీ యా యంత్రపు బిడి యెవరిచేతిలో నుండునని యడిగెను. ఆ హాల్డేనే 1957లో మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ప్రకార మాయన దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు, విద్యార్థుల యభ్యాసమునకై యిచ్చిరి. తన దేహమును దానే యిచ్చుట యొకటి. ఇతరుల దేహమును రాజ్యము పుచ్చుకొనుట మరియొకటి.

ఆ రెండవది కథకు ముందే మొదలైనది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున 1907లో, అయోగ్యులని యధికారులు తలచినవారికి సంతానము కలుగకుండ నిర్బంధముగా శస్త్రచికిత్స చేయు చట్టము వచ్చెను. అట్టి చట్టము చెల్లునని 1927లో నా దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నవల వెలువడిన మరుసటి యేడు, 1933లో, హిట్లరు ప్రభుత్వ మట్టి శాసనమే చేసి, సుమారు 4 లక్షల మందిని సంతానహీనులను జేసెను. మన దేశమునను 1975-77 నాటి యత్యవసర పరిస్థితిలో బలవంతపు శస్త్రచికిత్సల వలన బల్లెలు భయపడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును.

అట్లని విద్యను నిందింపరాదు. 1978లో ఇంగ్లండున గర్భము వెలుపల ఫలదీకరణ పొందిన మొదటి శిశువు పుట్టెను. అదే యేడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలన నట్టిదే మరియొక శిశువు జన్మించెను. ప్రభుత్వము వేసిన సంఘ మాయన మాట నమ్మలేదు. 1981లో నాయన బలవన్మరణము పొందెను. ఆయన చెప్పినది సత్యమని పిమ్మట బండితు లంగీకరించిరి. ఆ విద్యవలన నెందరో తల్లుల యొడి నిండినది. చేటు విద్యలో లేదు, ప్రశ్నించువానిని, క్రొత్తగా యోచించువానిని సహింపని యధికారములో నున్నది.

2018లో చీనాదేశమున నొక శాస్త్రజ్ఞుడు, కవలపిల్లల జీవకణములలోని వంశబీజమును పిండదశయందే మార్చితినని ప్రకటించెను. లోకము నివ్వెరపోయెను, మరుసటి యేడు న్యాయస్థాన మాతనికి మూడేండ్ల చెరను విధించెను. కాబట్టి హక్స్‌లీ సీసాలు మన వాకిటికి వచ్చినవనక పోయినను, వీథిమలుపు వరకు వచ్చినవనక తప్పదు.

గ్రామపెద్దలగు మీకు నా మనవి యొక్కటే. రేపు మీ మనుమలకై యెవరైన మేలైన బిడ్డను, దుఃఖములేని లోకమును దెత్తుమని వచ్చినచో, వారి శాస్త్రమును గూర్చి మాత్రమే యడిగి యూరకుండకుడు. మేలేదో నిర్ణయించువా రెవరు? వలదనువారికి దావున్నదా? పుట్టబోవు వికర్ణునకు సభలో జోటున్నదా? ఈ మూడింటికి సమాధానము లభించిన పిమ్మటనే తలుపు తీయుడు.

స్వస్తి.