కావలివాడి పూచీ

మంటకు ఇంకాస్త దగ్గరికి జరగండి నాయనా, మంచు దిగుతోంది. ఊరికో దండు ఉండాల, కుర్రోళ్ల చేతికి తుపాకులిస్తే దొంగల పీడ పోతుంది అంటున్నావు కదా పెద్దోడా. అట్లాంటి దండులు మన సీమకు కొత్త కాదు. చెప్తా విను.

మన తుంబలహళ్లి, ధర్మపురి, కృష్ణగిరి అంతా అప్పట్లో బారామహల్. పెనుగొండ కోటను కాపాడినాడని జగదేవరాయలికి విజయనగర రాయలు ఈ సీమ ఇచ్చినారు. పాలెగాళ్ల కాలంలో ఒక్కొక్కరికీ సొంత బంట్లు. బంటుకు జీతం లేదు, మాన్యం. మాన్యం ఇచ్చినోడు ఎవరి మీదికి పొమ్మంటే వాళ్ల మీదికి పోవాల్సిందే. రైతు కావలి రుసుం కట్టలేదంటే, కాపు కాయాల్సినోడే మందను తోలుకుపోయేవాడు.

ఊరి తలారి అట్ల కాదు. మా తాత చెప్పేవాడు, కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు తలారి మేర తీసి పక్కన పెట్టేవాళ్లంట. రాత్రి ఎద్దు పోయిందంటే తెల్లారేలోపు అడుగుజాడ పట్టి, జనం తొక్కకుండా దాని మీద గంప బోర్లించేవాడు. జాడ పొలిమేర దాటితే పక్కూరి తలారికి చూపించి అప్పజెప్పేవాడు. దొంగ దొరకలేదా, పోయిన సొమ్ము తలారే కట్టుకోవాల. చేతిలో ఉండేది ఉత్త కర్ర. పూచీ మాత్రం పూర్తిగా వాడిదే.

1792లో టిప్పు సుల్తాను ఈ సీమను కుంపినీకి వదులుకున్నాడు. రీడ్ దొర కలెక్టరు, ఆయన కింద మన్రో దొర మన ధర్మపురిలోనే ఉండె. ఆ మన్రోనే 1800లో దత్తమండలాలకు పోయి పాలెగాళ్ల బలగాలను అణిచినాడు. ఆయుధమంతా కుంపినీ చేతికి పోయింది. ఆ కుంపినీని నిలదీసే దారి మాత్రం రైతుకు దొరకలేదు. మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు చానా మంది 1846లో కుంపినీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినారు.

నైజాం సంగతి ఇంకా ఘోరం. ఖాసిం రజ్వీ దండు రజాకార్లు సర్కారు కొలువులో లేరు, అయినా సర్కారు పోలీసులు వాళ్ల పక్కనే నడిచినారు. బైరాన్‌పల్లి జనం బురుజు ఎక్కి వడిసెలలతో, నాటు తుపాకులతో ఊరిని కాచుకున్నారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, సర్కారు పోలీసులు ఆ ఊరి మీద పడి, దొరికినోళ్లను దొరికినట్టు చంపినారు. మూడు వారాల లోపే భారత సైన్యం వచ్చింది, సెప్టెంబరు 17న నైజాం లొంగినాడు. బురుజెక్కిన ఆ కుర్రోళ్లను నేను ఏనాడూ తప్పుపట్టను. వాళ్లకు ఓటు లేదు, కాపాడాల్సిన సర్కారే చంపేవాళ్లకు తోడుగా నిలబడింది. ఇంక ఎవరితో మొరపెట్టుకోవాల?

ఓటు వచ్చినాక కూడా కుర్రోళ్ల చేత తుపాకి పట్టిస్తే ఏమనాల? 2005లో ఛత్తీస్‌గఢ్ బస్తరులో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం అనే దండు లేచింది. మావోయిస్టులు అక్కడ జనాన్ని చంపుతుండింది నిజమే, దాన్ని నేను దాచను. సర్కారు ఏం చేసిందో చూడండి. ఐదో తరగతి చదివినోడైతే అదే ఎక్కువ అన్నట్టు ఆదివాసీ పిల్లోళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకుని, నెలకు 3,000 రూపాయలు, చేతికో తుపాకి ఇచ్చింది. ఊళ్లు తగలబడినాయి. వేలమంది కోయలు ఖమ్మం అడవుల్లోకి పారిపోయి వచ్చినారు.

ప్రొఫెసరు నందినీ సుందర్ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు పోయినారు. 2011 జూలై 5న మన తెలుగాయన జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పు చెప్పినారు. ఆ పిల్లోళ్లను మావోయిస్టుల మీద పోరుకు వాడుకోవడం రాజ్యాంగానికి విరుద్ధం, తుపాకులన్నీ వెనక్కి తీసుకోండి అన్నారు. తుపాకి ఇచ్చేసిన కుర్రోడికి పగవాళ్ల నుంచి ప్రాణరక్షణ కూడా సర్కారే చూడాలని చెప్పినారు. ఆ మాట చదివినప్పుడు నాకు కళ్లు తడిసినాయి. వాళ్ల ప్రాణాలను కూడా లెక్కలో వేసుకున్నది ఆ కోర్టే కదా! ఆ ఏడాదే ఆ రాష్ట్రం కొత్త చట్టం చేసి, వాళ్లకే సహాయక దళం పేరుతో మళ్లీ తుపాకి ఇచ్చింది. అది అన్యాయం.

దొంగతనం చేస్తుండగా దొంగ కంటపడితే పట్టుకో పెద్దోడా, చట్టం ఒప్పుతుంది. ఆలస్యం చేయకుండా పోలీసులకు అప్పజెప్పాల. ఎవడైనా మీద పడితే ప్రాణం కాచుకునే హక్కూ నీకుంది. దండు మాత్రం కట్టొద్దు. ఫోన్ చేసినా పోలీసులు రాకపోతే ఏం చేయాల అంటావా? అర్జీ రాయి, ఊరంతా సంతకాలు పెట్టి ధర్మపురి ఎస్పీ ఆఫీసుకు పోదాం. నేనూ వస్తా.