నల్లగొఱ్ఱె – గొంగళి



“ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే యున్నది” అని మనవారు సామెత చెప్పుదురు. “గొంగళిలో తినుచు వెండ్రుకలేఱినట్లు” అని మఱియొక సామెత. సామెతలలో గొంగళి చెక్కుచెదరక నిలిచియున్నది. ఇండ్లలో మాత్రము నిలువలేదు. నా చిన్నతనమున పాలమూరు ప్రాంతములోని మా యూర గొంగళి లేని యిల్లు లేదు. నేడు అదే యూర వెదకినను నాలుగైదు దొరకవు. ఆ గొంగళికి మూలమైన ఉన్నిగొఱ్ఱె పూర్వకథను నేడు మీకు మనవి చేయుదును. ఆ కథలో నా తప్పొకటి కలదు. దానిని కూడ దాచక చెప్పుదును.

మన పూర్వులకు గొఱ్ఱె యనగా ముందుగా స్ఫురించినది ఉన్నియే. సంస్కృతమున గొఱ్ఱెకు ‘అవి’ యని పేరు. ఉన్నికి ‘ఊర్ణ’ యని పేరు. అమరకోశమున గొఱ్ఱెకు చెప్పిన పర్యాయపదములలో ‘ఊర్ణాయువు’ ఒకటి. ఉన్ని గలది యని దాని యర్థము. సాలెపురుగును ‘ఊర్ణనాభ’ మనుటయు ఇట్టిదే. బొడ్డునుండి దారము తీయునది గనుక దాని కా పేరు వచ్చినది. ఋగ్వేదమునందు గాంధారదేశపు గొఱ్ఱె రోమసమృద్ధికి ఉపమానముగా చెప్పబడినది. మనుస్మృతి బ్రాహ్మణునకు నూలుతో, క్షత్రియునకు జనుపనారతో, వైశ్యునకు గొఱ్ఱె ఉన్నితో యజ్ఞోపవీతమును విధించినది. నూలుతోపాటు ఉన్నియు పవిత్రద్రవ్యముగా నెంచబడెనని దీనివలన తెలియుచున్నది.

ఇక రాజ్యతంత్రమునకు వత్తము. కౌటిల్యుని అర్థశాస్త్రము సుమారు రెండువేల యేండ్లనాటి గ్రంథము. చిరకాలము కనుమఱుగైయుండి, 1905లో మైసూరున దాని తాళపత్రప్రతి దొరకగా, శామశాస్త్రిగారు 1909లో అచ్చొత్తించిరి. అందు పశువుల నరయు అధికారి మేకలు, గొఱ్ఱెలు మొదలగువాని రోమమును ఆఱు మాసముల కొకమాఱు తీయింపవలెనని యున్నది. పెద్దలు గమనింపవలసినది ఇదియే: మా కురుమవారు నా కనులయెదుట ఏడాదికి రెండు మాఱులే కత్తెర వేసిరి. ఏ గ్రంథము చూచియు వా రట్లు చేయలేదు. గొఱ్ఱెను చూచి నేర్చుకొనిరి.

అర్థశాస్త్రమే, విధవలు, అంగవైకల్యము గల స్త్రీలు, దిక్కులేని వృద్ధస్త్రీలు మొదలగువారిచేత ఉన్నియు దూదియు వడికించి కూలి యియ్యవలెనని కూడ చెప్పినది. అనగా వడుకుపని బలము తక్కువైనవారికి బ్రతుకుతెరువుగా నుండెను. నేపాళదేశపు నల్లకంబళములు ఎనిమిది ముక్కలు కూర్చి కుట్టినవనియు, వానను వారించుననియు అందే యున్నది. నల్లని కంబళి వానకు గొడుగు అను సంగతి మనవారికి నిన్న మొన్న తెలిసినది కాదు.

తెలుగుదేశమున గొఱ్ఱెల ప్రస్తావన శాసనములలో మెండు. దేవాలయములలో అఖండదీపము వెలిగించుటకై దాతలు గొఱ్ఱెలను దానము చేసెడివారు. ఒక్క దీపమునకు యేబది గొఱ్ఱెలు లేక ఇరువదియైదు ఆవులు ఇచ్చుట తఱచు. ఆ మందను బోయలకు అప్పగింపగా, వారు నిత్యమును మానెడు నేయి గుడికి కొలిచెడివారు. దాక్షారామము మొదలగు చోట్ల ఇట్టి శాసనములు పెక్కు గలవు. ఒక తరము గొఱ్ఱెలు చచ్చినను పిల్లలతో మంద నిండుచుండును గనుక దీపము ఆరిపోదు. మంద యనునది తరుగని మూలధనమని మనవా రెఱుగుదురు.

కాకతీయుల కాలమున, పదుమూడవ శతాబ్ది చివర, మార్కోపోలో అను వెనీసు యాత్రికుడు మోటుపల్లి ప్రాంతమును గూర్చి వ్రాయుచు, ఇచ్చట ఒక రాణి న్యాయముగా పాలించుచున్నదని రుద్రమదేవిని కొనియాడెను. ఇచ్చటి సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చెను. ఆ వాక్యముల వెంబడినే, లోకములోకెల్ల పెద్ద గొఱ్ఱెలు ఈ దేశమున గలవని కూడ చెప్పెను. మన భారతదేశపు గొఱ్ఱెలలో నేటికిని అన్నిటికంటె ఎత్తైనది నెల్లూరు జాతి. యాత్రికుడు చూచినది ఆ జాతి పూర్వులనే యైయుండునని నేను తలంచుచున్నాను. ఇది నా యూహ మాత్రమే.

ఇచ్చట ఒక భేదము చెప్పవలెను. మన దేశమున గొఱ్ఱెలు రెండు తెగలు. తీరప్రాంతపు నెల్లూరు గొఱ్ఱె పొడవైనది, నున్ననైనది. దానికి ఉన్ని లేదు. దక్కను పీఠభూమి గొఱ్ఱె పొట్టిది, నల్లనిది, ముతక ఉన్ని గలది. దీనిని దక్కనీ జాతి యందురు. తెలంగాణము, కర్ణాటకము, మహారాష్ట్రము ఈ మూడింటిలోను ఇది వ్యాపించియున్నది. పలుచని గడ్డి మేసి, దినమునకు పలు క్రోసులు నడచి, చలికిని వానకును ఓర్చుకొనుట దీని గుణము. కురుమవారికి ఈ గొఱ్ఱెతో గల పొత్తు ఎంతటిదనగా, వారి తెగలలో ఒకటి ఉన్నికంకణమువారు, మఱియొకటి పత్తికంకణమువారు. పెండ్లియందు ముంజేతికి కట్టు దారము ఉన్నిదా, నూలుదా అనుటయే భేదము.

దక్కనీ గొఱ్ఱె ఏడాదికి ఇచ్చు ఉన్ని మెండు కాదు, ఇంచుమించు అరకిలో. మా యెదురింటి కురుమ పెద్ద లెక్కప్రకారము ఒక్క గొంగళికి అయిదాఱు గొఱ్ఱెల యేడాది ఉన్ని పట్టును. ముందుగా గొఱ్ఱెలను వాగులో దింపి కడిగి, ఒడలు ఆరిన పిమ్మట కత్తెర వేయుదురు. నలుపును, బూడిదవన్నెను వేఱుచేయుదురు. ఉన్నిని ఏకి, ముళ్లును చెత్తయు రాల్చి, ఆడువారు రాట్నముపై వడుకుదురు. పడుగు సాగదీసినపిమ్మట చింతగింజల గంజి పట్టించవలెను. గింజలను నానబెట్టి, దంచి, ఉడికించి, చిక్కని గంజి చేసి కుంచెతో దారములకు పూయుదురు. ఆ గంజివలన ముతకదారము తెగక మగ్గమున నిలుచును. మగవారు గుంతమగ్గమున కూర్చుండి నేయుదురు. కొత్త గొంగళి అట్టవలె బిరుసుగా నుండును, వాడినకొలది మెత్తబడును.

ఆ గొంగళి చేయని పని లేదు. ఒక మూలను ముడివైచి తలపై కొప్పెరగా వేసికొన్నచో వానలో నాటువేయు వానికి గొడుగు. ఎండలో నీడ, రాత్రి పఱుపు, చలికి దుప్పటి, కల్లములో ధాన్యము పోసికొను పట్ట. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చుకొనియు తడిసినట్లు తోపనీయదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వానలో నిలిచిన కాపరికి ఇది శాస్త్రముతో పనిలేకయే తెలియును. కురుమవారి ఇండ్లలో పూజకును పెండ్లికిని గొంగళి పఱవవలసినదే.

చిన్నరైతుకు గొఱ్ఱెవలన లాభము ఉన్నితో తీరలేదు. పంట కోసిన చేనిలో మంద కట్టించుకొనిన రైతు కాపరికి ధాన్యము కొలిచెడివాడు. రాత్రి పెంట చేనికి, ధాన్యము కాపరికి, ఉన్ని వడుకు స్త్రీకి, నేత మగ్గమునకు, గొంగళి తిరిగి రైతునకు. ఈ చక్రములో ఒక్క ఆకు విఱిగినను బండి కుంటుపడును.

ఉన్ని పని మనవారిచేత ఇంతకంటె నాజూకుగా కూడ నడచినది. ఏలూరున రత్నకంబళములు నేయువారు పారసీకమునుండి వచ్చినవారి సంతతియని ప్రతీతి. ఓరుగల్లు తివాచీలు 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమునకు వెళ్లినవి. 1856లో ఇంగ్లండున విలియం పెర్కిన్ కృత్రిమవర్ణమును కనిపెట్టిన పిమ్మట, చౌకరంగులు వచ్చి ఆకురంగులను, వేరురంగులను వెనుకకు నెట్టినవి. నల్లగొంగళికి మాత్రము ఆ బాధ లేదు. దాని రంగు గొఱ్ఱె ఒంటిదే.

అయినను గొంగళికి వేఱుదారిని దెబ్బ తగిలినది. యంత్రముపై నేసిన దుప్పట్లు వచ్చినవి. పానీపతులో పాత ఉన్నిబట్టలను చీల్చి, మరల దారము తీసి నేసిన కంబళ్లు అగ్గువకు సంతలకు వచ్చినవి. ప్లాస్టికు పట్ట వానకు అడ్డమైనది. అంతకంటె పెద్ద కారణము మాంసపు ధర. పట్టణములు పెరిగినకొలది మాంసమునకు గిరాకి హెచ్చెను. నెల్లూరు పొట్టేలు పెద్దది గనుక దానిని తెచ్చి నల్లమందలలో విడిచిరి.

ఇక నా తప్పు. 1990 తరువాత నేను స్వగ్రామముననే ఉపాధ్యాయుడనై యుంటిని. ఎదురింటి కురుమ పెద్ద అప్పు దరఖాస్తు కాగితము తెచ్చి నాయెదుట కూర్చుండెను. నెల్లూరు తెగ గొఱ్ఱెలును ఒక పొట్టేలును కొనుట కా యప్పు. అతడు కలము పట్టలేదు, నేనే వ్రాయవలెను. అతడు కొంతసేపు ఊరకుండి, “పంతులయ్యా, ఆ పొట్టేలు నున్నగ ఉంటది గద. మా ముసల్ది రేపటికెల్లి ఏం వడుకుతది?” అని యడిగెను. నేను చదువుకొన్నవాడ ననుకొని, “ఉన్ని ఇప్పుడెవరు కొంటున్నారు పెద్దయ్యా? ధరంతా మాంసానికే గదా!” అంటిని. అతడు వ్రేలిముద్ర వేసెను.

నేను చెప్పినది అబద్ధము కాదు. అప్పు తీరినది, ఇంటిపై పెంకులు పడినవి. కాని మొదటి యీతలో పుట్టిన పిల్లలకు ఉన్ని పలుచనయ్యెను. రెండు మూడు తరములు గడచునప్పటికి కత్తెరకు పని లేకపోయెను. ఆ వృద్ధురాలు రాట్నమును చూరుకు కట్టివైచినది. కొన్నేండ్లకు పెద్దాయన కాలము చేసినపుడు, ఆచారమునకు కొత్త గొంగళి కావలసి, కొడుకులు మూడూళ్లు తిరిగి ఒకదానిని తెచ్చిరి. గొఱ్ఱెలమందగల యింట గొంగళికి వెదకవలసివచ్చెను. వారెవ్వరును నన్నొకమాట యనలేదు. ధర యెంతో నేను లెక్కించితిని. ముసలమ్మ ప్రశ్నను లెక్కలో చేర్చనైతిని.

ప్రభుత్వమువారు ఊరకుండలేదు. 1962లో రాజస్థానమున మాల్పురావద్ద గొఱ్ఱెలకును ఉన్నికిని కేంద్రపరిశోధనాలయమును నెలకొల్పి, ఆ చోటికి ‘అవికానగరము’ అని పేరిడిరి. ‘అవి’ అను ప్రాచీనపదమే అందున్నది. మెరినో, రాంబొయిలే మొదలగు విదేశపు పొట్టేళ్లతో సంకరము చేసి, సన్నని ఉన్ని సాధింపవలెనని పెక్కుచోట్ల యత్నములు జరిగినవి. సన్నని ఉన్ని మిల్లునకు మేలు. కాని దక్కను కాపరికి కావలసినది వానకు నిలుచు ముతక ఉన్నియు, ఎండలో నడచు కాలును. విదేశపు సంకరము మన మందలలో వేరూనలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము కాపరులకు ఇరువది గొఱ్ఱెలును ఒక పొట్టేలును చొప్పున, మూడుపాళ్లు తానే భరించి పంచినది. కాపరి యింట పశుసంపద పెరుగుట మంచిదే. అది ఉన్నికొఱకు నడచిన పని కాదు.

ఇప్పుడు పెద్దలు చేయదగిన దేమి? మాంసము వలదని నేను చెప్పను. ఆ మాట చెప్పుటకు నాకు అర్హత లేదు. నల్లగొఱ్ఱెకును మాంసము కలదు. మందలో ఆడుగొఱ్ఱె లెన్నియున్నను, రాబోవు తరమును మార్చునది పొట్టేలు. ఒక్క నున్నని పొట్టేలు మందను మార్చినట్లే, ఉన్ని దట్టముగా గల నల్లపొట్టేలు దానిని నిలుపగలదు. కనుక మీ యూర నల్లపొట్టేలు మిగిలియున్నచో దానిని కోతకు అమ్మనీయకుడు. లేనిచో పొరుగూరినుండి తెప్పింపుడు. ఒకే మందలో చిరకాల ముంచక, మందలు మార్చి త్రిప్పుడు.

రెండవది, కత్తిరించిన ఉన్నిని పాఱవేయనీయకుడు. నేడు కత్తిరింపు కూలికి కూడ ఉన్ని ధర చాలక కాపరులు దానిని గుట్టలలో వదలుచున్నారు. మంచి ఉన్నిని కడిగి, రంగువారీగా మూటగట్టి యుంచినచో పలు యిండ్లవారు కలిసి బేరమాడవచ్చును. నేతకు పనికిరాని తుక్కు ఉన్నిని చెట్ల పాదులలో పూడ్చవలెను. అది నీటిని పట్టియుంచును. మెల్లగా కుళ్లుచు నత్రజనిని చెట్టునకు ఇచ్చును.

మూడవది, చింతగింజల గంజి పాళము, దారపు బిగువు, కత్తెర పట్టు తెలిసిన ముదుసళ్లు ఇంక కొందఱున్నారు. వారియొద్ద ఇద్దరు పిల్లలనైనను కూర్చుండబెట్టుడు. చూరున రాట్నము మిగిలియున్నను వడుకు చేయి పోయినచో పుస్తకము చూచి మరల నేర్చుట కష్టము. నేను ముప్పదియేండ్లకు పైగా పుస్తకములు చెప్పినవాడను గనుక ఈ మాట చెప్పుచున్నాను.

మా యెదురింటి ముసలమ్మ మనుమడు, నా శిష్యుడే, నిరుడు రెండు నల్లగొఱ్ఱెలను ఒక నల్లపొట్టేలును కొని తెచ్చినాడు. చూరునుండి రాట్నమును దింపినాడు. ఆమె కనులు సరిగా కానరాకున్నను చేయి మఱవలేదు. మొదటి కండె వడికి నాచేతి కిచ్చినది. దానికి నేను వెల యియ్యబోగా, “గొంగడైనంక ఇయ్యి పంతులయ్యా” అన్నది. ఆ గొంగళి కొఱకు నేను ఎదురుచూచుచున్నాను. సెలవు.