పాము మందు నుంచి పాకం డబ్బా దాకా

ఇంగ్లండులో ఏ కిరాణా కొట్టుకు వెళ్ళినా పంచదార, పిండి సర్దిన అరలో ‘బ్లాక్ ట్రీకిల్’ అని రాసిన ఎర్రటి రేకు డబ్బా ఒకటి కనబడుతుంది. మూత తీస్తే నల్లగా, చిక్కగా, చివర్లో చేదు తగిలే తీపి. చెరకు రసంలోంచి పంచదార తీయగా మిగిలిన మడ్డి అది. మా లీడ్స్ వైపు నవంబరు 5న వీధి వీధినా మంటలు వేసుకునే రాత్రి దీంతో ‘పార్కిన్’ అనే అల్లం కేకు చేస్తారు. అరిసెల పాకానికి పనికిరాదు గాని, పులుసులో బెల్లం ముక్కకు బదులు అర చెంచా వేస్తే మా ఇంట్లో ఎవరూ పసిగట్టరు.

గుంటూరులో బి.ఫార్మసీ చదివి ఇక్కడి ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేస్తున్న నాకు ఆ డబ్బా మీద ఆసక్తి వంట కోసం కాదు. ట్రీకిల్ అంటే ఇంగ్లీషులో మొదట మందు. అందులోనూ విషానికి విరుగుడు. గ్రీకులో ‘థీరియన్’ అంటే క్రూరజంతువు. దాని కాటుకు వేసే మందు ‘థీరియాకే’. అది లాటిన్‌లో థీరియాకా అయింది, పాత ఫ్రెంచిలో త్రియాకల్ అయింది, అటునుంచి ఇంగ్లండు చేరింది. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ కథలు రాసేనాటికి ఇక్కడివాళ్ళకు అది ఇంటి మాటే. 1568 నాటి ‘బిషప్స్ బైబిల్’లో యిర్మీయా ప్రవక్త గిలాదులో గుగ్గిలం లేదా అని అడిగే చోట ఈ ట్రీకిల్ మాటే వేశారు. అందుకే పాత పుస్తకాలు సేకరించేవాళ్ళు దానికి ‘ట్రీకిల్ బైబిల్’ అని పేరు పెట్టుకున్నారు.

ఈ మందు కథ ఒక రాజుగారి భయంతో మొదలవుతుంది. నల్లసముద్రం ఒడ్డున పాంటస్ రాజ్యాన్ని ఏలిన ఆరవ మిథ్రిడేటిస్‌కు ఎవరైనా అన్నంలో విషం కలుపుతారేమోనని పగలూ రాత్రీ బెంగ. విరుగుడు మందులన్నీ కలిపి నూరించుకుని రోజూ తినేవాడట. క్రీ.పూ. 63లో రోమన్ల చేతికి చిక్కకూడదని విషం తాగితే అది ఎక్కలేదనీ, చివరికి తన మనిషి చేతనే కత్తితో పొడిపించుకున్నాడనీ చరిత్రకారులు రాశారు. నిజమో కాదో గాని ఇంతకంటే మంచి ప్రకటన ఏ మందుకూ దొరకదు. ఆయన పేరు మీద రోమ్‌లో మందు వెలిసింది. నీరో చక్రవర్తి వైద్యుడు ఆండ్రోమాకస్ దానికి మెరుగులు దిద్ది సరుకుల సంఖ్యను 64కు చేర్చాడు, నల్లమందు పాలు పెంచాడు, పాము మాంసం చేర్చాడు. ఆ యోగాన్ని పద్యాల్లో రాశాడు. తూకాలు పద్యంలో ఉంటే రాసుకునేవాడు తప్పు చేయడని కాబోలు. మన వైద్య గ్రంథాలూ శ్లోకాల్లోనే ఉన్నాయి కదా.

పాము మాంసం తయారీ వివరంగా రాసి ఉంది. శీతకాలం నిద్ర ముగించుకుని బయటికొచ్చిన పొడపాముల్ని పట్టాలి. తల వైపు నాలుగు వేళ్ళు, తోక వైపు నాలుగు వేళ్ళు కోసి పారేయాలి. చర్మం ఒలిచి, పేగులు తీసి, ఉప్పూ సోయాకూరా వేసి ఉడికించాలి. ముళ్ళు ఏరేసి, ఎండు రొట్టె పొడితో కలిపి దంచి, బిళ్ళలు చేసి నీడన ఆరబెట్టాలి. మిగతా సరుకుల్లో మనం గుర్తుపట్టేవి చాలానే: మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, దాల్చినచెక్క, జటామాంసి, చెంగల్వకోష్టు. మలబారు మిరియం, హిమాలయాల వేరు రోమ్ రాజవైద్యుడి రోట్లో కలిశాయన్నమాట. అన్నిటినీ తేనెలో కలిపి ఏళ్ళ తరబడి మాగబెట్టేవారు.

మార్కస్ అరీలియస్ చక్రవర్తికి గేలెన్ అనే వైద్యుడు స్వయంగా ఈ లేహ్యం చేసిపెట్టేవాడు. చక్రవర్తి పగలు కూడా తూగుతున్నాడని నల్లమందు తగ్గిస్తే రాత్రి నిద్ర పట్టడం మానేసిందట, మళ్ళీ కలపాల్సి వచ్చింది. మా ఆస్పత్రిలో నల్లమందు నుంచే తీసే మార్ఫిన్ దాచిన బీరువా తాళం తీసి, ఇంకొకరి ఎదుట లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరం సంతకాలు చేసే ప్రతిసారీ నాకు ఈ చక్రవర్తి గుర్తొస్తాడు. అరవై నాలుగింటిలో నిజంగా పనిచేసింది ఏదో ఆయన నిద్ర సంగతి ఒక్కటే చెబుతుంది. నొప్పి, దగ్గు, విరేచనాలు తగ్గించింది నల్లమందే. పాములకు దక్కింది ఉత్త పేరు.

వెనిస్ వర్తకులు దీన్ని పెద్ద వ్యాపారం చేశారు. పాదువా దగ్గరి యుగేనియన్ కొండల నుంచి పాముల్ని తెప్పించి, సరుకులన్నీ రోజుల తరబడి వీధిలో అందరికీ కనబడేలా పరిచి, అధికారుల ఎదుట పెద్ద పెద్ద రోళ్ళలో దంచేవారు. 1646లో ఆ ఊళ్ళో ఉన్న ఇంగ్లీషు డైరీకారుడు జాన్ ఎవెలిన్ ఆ హంగామా చూసి, పుస్తకాలు, బొమ్మలతో పాటు ట్రీకిల్ కూడా కొని సామాన్లో సర్దుకున్నాడు. నా వృత్తి కళ్ళతో చూస్తే ఆ తంతులో నచ్చేది ఒకటుంది. ప్రతి దినుసూ అసలుదా, నకిలీదా అని పదిమంది ఎదుట తేల్చేవారు. మందుల తనిఖీకి అదొక తొలి రూపం. ఆ తయారైన ముద్ద రోగికి పనికొస్తుందా అన్న ఒక్క ప్రశ్న తప్ప మిగతావన్నీ అడిగారు.

లండన్‌లో మందులు అమ్మేవాళ్ళు 1617 దాకా కిరాణా వర్తకుల సంఘంలోనే ఉండేవారు. మిరియాలు, మందులు ఒకే కొట్లో. విడిపోయిన మరుసటి ఏడు, 1618లో, వచ్చిన తొలి లండన్ ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రామాణిక గ్రంథంలో, థీరియాకా దర్జాగా ఉంది. వెనిస్ సరుకు ఖరీదు. పేదవాడికి స్థానికంగా చేసిన చవక రకాలు. 1665 ప్లేగులో ట్రీకిల్‌కు గిరాకీ ఇంతా అంతా కాదు. అప్పటికే బార్బడోస్ తోటల్లో బానిసలు పండించిన చెరకు పంచదార లండన్ రేవుకు వచ్చిపడుతోంది. శుద్ధి చేయగా మిగిలే మడ్డి తేనె కంటే ఎంతో చవక. కలపడానికి తేనె బదులు అది వచ్చింది. మడ్డి పెరిగింది, మందు తగ్గింది. ఆ శతాబ్దం చివరికల్లా మడ్డినే ట్రీకిల్ అనసాగారు. ఆయుర్వేదం మాటల్లో చెప్పాలంటే ఔషధం పోయి అనుపానం మిగిలింది.

1745లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఈ మందును చీల్చి చెండాడుతూ చిన్న పుస్తకం వేశాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఫార్మకోపియా నుంచి కూడా థీరియాకా వెళ్ళిపోయింది. అయినా జనం అంత తేలిగ్గా వదలరు. ‘నికొలస్ నికల్‌బీ’ నవలలో డికెన్స్ మా యార్క్‌షైర్ బడి ఒకటి చూపిస్తాడు. అక్కడ పంతులుగారి భార్య పిల్లల్ని వరుసలో నిలబెట్టి గంధకం కలిపిన ట్రీకిల్ గరిటెతో నోట్లో పోస్తుంది. ఒంటికి మంచిదనేది పైమాట. అసలు సంగతి, అది తాగితే ఆకలి చచ్చి టిఫిన్ ఖర్చు మిగులుతుంది. ఆక్స్‌ఫర్డ్ పక్కన బిన్సీలో సెయింట్ మార్గరెట్ బావిని ‘ట్రీకిల్ బావి’ అంటారు, అంటే రోగాలు తగ్గించే నీళ్ళ బావి అని. 1865లో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు ట్రీకిల్ బావి అడుగున కాపురముంటారు. ఈనాటి పిల్లలు అది పాకం బావి అనుకుని నవ్వుకుంటారు.

తూర్పుదారి పట్టిన మాట వేరే బతుకు బతికింది. అరబ్బులు దాన్ని ‘తిర్యాఖ్’ చేసుకున్నారు. ఫార్సీలో ‘తర్యాక్’ అంటే నల్లమందుకే పేరైపోయింది. ఉర్దూలో మాత్రం నేటికీ విరుగుడు అనే అర్థం. ఇంగ్లీషువాళ్ళు పాకాన్ని, ఇరానీలు మత్తును, హైదరాబాదీలు అసలు అర్థాన్ని ఉంచుకున్నారన్నమాట. యునానీ వైద్యులు తిర్యాఖ్ పేరుతో ఇప్పటికీ మందులిస్తున్నారు. నాలుగు దినుసుల్ని తేనెలో కలిపే తిర్యాఖ్-ఎ-అర్బా వాటిలో ఒకటి. ఇంకొకటి తిర్యాఖ్-ఎ-నజ్లా. నజ్లా అంటే పడిశం. చక్రవర్తుల్ని విషం నుంచి కాపాడతానని బయల్దేరిన మందు ఇప్పుడు కారే ముక్కుకు కాపలా కాస్తోంది. పాము ఊసే లేదు.