చాంగీ నుండి విజయనగరమునకు

చాంగీ బిజినెస్ పార్క్ అను పేరు నేడు సింగపూరులోని తెలుగువారికి చిరపరిచితము. 1997లో జేటీసీ సంస్థ నెలకొల్పిన ఈ వాణిజ్య ప్రాంగణములో బ్యాంకుల లెక్కలను, కంప్యూటర్ల వ్యవహారములను చక్కబెట్టుచు మనవారెందరో జీవనము గడుపుచున్నారు. సాయంకాలమున ఎక్స్‌పో మెట్రో స్టేషను మెట్లకడ నిలుచుండినచో, మెడలోని ఆఫీసు కార్డైనను తీయక, కుమార్తె వయొలిన్ పెట్టెను తన భుజమున తగిలించుకొని, పాఠమునకు వేళ మించిపోవునేమోయని వడివడిగా నడచు తండ్రి యొకడు కంటబడకపోడు. ఆ పెట్టెను చూచినప్పుడెల్ల నా మనస్సు ఈ నేల గతమునకును, అచ్చటి నుండి సముద్రము దాటి విజయనగరమునకును పోవుచుండును.

ఈ చాంగీ కరవు నెరిగిన నేల. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానీయుల వశము కాగా బ్రిటిషు, ఆస్ట్రేలియా సైనికులు వేలకొలది ఇచ్చట బందీలైరి. పిడికెడు బియ్యమునకు మొగము వాచిన ఆ శిబిరములో వారు గానసభలను, నాటకములను నడుపుకొనిరి. యుద్ధానంతరము ఇచ్చట బ్రిటిషు వాయుసేన స్థావరముండెను. ద్వీపములోని బ్రిటిషు సైనిక స్థావరములే ఆనాటి దేశాదాయములో సుమారు ఐదవ వంతునకు ఆధారము. స్వాతంత్ర్యము వచ్చి రెండేండ్లయినను నిండని ఆ చిన్న దేశమునకు, 1967 జూలైలో, ఆ సేనలను ఉపసంహరింపనున్నామని లండను ప్రభుత్వము తెలిపినది. వేలాదిమంది ఉపాధి పోవు దినములవి. ఏ ఖర్చును కోసివేసినను ఎవరును తప్పుపట్టని దినములు. సరిగా ఆ నెలలోనే బడిపిల్లల సంగీతనృత్యములకు, ఆటలకు వేదికగా సింగపూరు యువజనోత్సవము ఆరంభమైనది. అది నేటికిని సాగుచున్నది. ప్రాథమిక పాఠశాలల కాలపట్టికలో సంగీతము నేటికిని పాఠ్యాంశముగానే యున్నది.

మన విజయనగరపు కథయు ఇట్టిదే, ఇంతకంటె ఆర్ద్రమైనది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి మూడు నెలలైనను కాకమునుపు, ధాన్యపు ధరలు మండిపోవుచుండగా, విషజ్వరము దేశమెల్లను ఊడ్చివేసిన మరుసటి యేడు, 1919 ఫిబ్రవరి 5వ తేదీన, పూసపాటి విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించిరి. తమ కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారునికి చూపు లేదు. అక్షరములు చదువజాలని ఆ బాలునకు ఏ విద్య యబ్బునని యోచించి, సంగీతమని నిశ్చయించి, ఆ యొక్కని కొరకు గురువును కుదుర్చుటతో తృప్తి పడక, ఊరి పిల్లలందరికిని ప్రవేశము గల ఒక విద్యాలయమునే ఏర్పరచిన ఆ ప్రభువు హృదయము నాకు మిక్కిలి గొప్పదిగా తోచును. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైరి.

ఆ యేటనే వయొలిన్ ఆచార్యులుగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కప్పటికి ఇరువదియారేండ్లు. మందదృష్టి కారణముగా ఆయన చిన్ననాడే బడి విడువవలసి వచ్చినది. అన్నగారు చేతికిచ్చిన వయొలినే ఆయనకు బడియైనది. విద్యార్థిగా చేరవలెనని వచ్చిన ఆ యువకుని వాదనము విని, ఈయన నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని ఆచార్య పదవి నిచ్చిరని చెప్పుదురు. చూపు లేని బాలునికై తెరచిన విద్యాలయములో, చూపు చాలదని బడికి దూరమైన యువకుడు ఆచార్యుడగుట ఎంతటి సంఘటన! 1936లో దాసుగారి పిమ్మట ఆయనయే అధ్యక్షుడై, పక్కవాద్యముగా నున్న వయొలిన్‌కు కచేరీలో ప్రధానాసనము సంపాదించి, దేశమంతట కీర్తి నార్జించెను.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాలకు వచ్చిన తీరు తెలుగువారందరు ఎరిగినదే. వేలి ఉంగరమమ్ముకొని వచ్చిన ఆ బాలునకు పట్రాయని సీతారామశాస్త్రిగారు ప్రతిఫలమాశింపక విద్య నేర్పిరి. ఇంటింట మధూకరము ఎత్తుకొని అతడు కడుపు నింపుకొనెను. అన్నము పెట్టిన విజయనగరపు ఇల్లాండ్రెవరో వారి పేర్లు మనకు తెలియవు. ఆ కంఠము మాత్రము నేటికిని మన ఇండ్లలో మ్రోగుచున్నది. పి. సుశీలగారును ఆ కళాశాల విద్యార్థినియే. జమీందారీలు రద్దయిన పిమ్మట ఆ సంస్థ ప్రభుత్వ కళాశాలగా నిలిచినది. రాజు పోయినను భారము వహించువారుండిరి కనుకనే అది బ్రతికినది.

భారము వహించువారెవరను ఈ ప్రశ్నయే నేడు మన బడులను వేధించుచున్నది. సొమ్ము చాలదనిన తక్షణము మొదట కత్తి పడునది సంగీతము మీదనే. గణితపు అయ్యవారు లేకున్న తల్లిదండ్రులు కేకలు వేయుదురు, పాటల అయ్యవారు లేకున్న ఎవరును అడుగరు. నేను చదివిన బడిలో ఒక సంగీతపు పంతులుగారుండెడివారు. శుక్రవారము కడపటి గంటలో ఆయన హార్మోనియము పెట్టె మూత తెరచినప్పుడు వచ్చు పాత చెక్క వాసన, ఎడమచేతితో తిత్తి నూపుచు కుడిచేతి వ్రేలితో మధ్యమము మెట్టును చూపిన తీరు నాకిప్పటికిని గుర్తు. ఆయన ఉద్యోగ విరమణ చేసిరి. ఆ స్థానమును ఎవరితోను నింపలేదు. కొన్నేండ్లకు నేను పోయి చూడగా ఆ హార్మోనియము ప్రయోగశాల బీరువాపై, తిత్తి చినిగి, పగిలిన గాజు గొట్టముల నడుమ పడియున్నది. పాడగల పిల్లలు ఆ ఊరిలో అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు.

సింగపూరులో మన పిల్లలకు ఆ లోటు లేదు. బడిలో సంగీతమున్నది, బడి వెలుపల 1949 నుండి సింగపూరు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వంటి సంస్థలున్నవి, రుసుము చెల్లించు శక్తి మనకున్నది. ఊరిలోని కూలివాని బిడ్డకు ఆ శక్తి లేదు. బడి నుండి సంగీతమును తొలగించినచో అది లోకమునుండి తొలగిపోదు. ఉన్నవారి ఇండ్లకు మాత్రమే పరిమితమగును. నాకు బాధ కలిగించునది ఇదియే.

ఊరి బడికి కంప్యూటర్లు, బల్లలు పంపుచున్న ఉదారులు చాంగీ కార్యాలయములలో ఎందరో కలరు. వారిని నేను కోరునది ఒక్కటి. ఈసారి సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, మీరు చదివిన బడికి వెళ్లి, సంగీతపు అయ్యవారి ఉద్యోగము అచ్చట నున్నదా, ఉన్నచో ఎన్నేండ్లుగా ఖాళీగా నున్నదో ప్రధానోపాధ్యాయుని అడుగుడు.