బాణం పొడవు

పోయిన సంక్రాంతికి మనవరాలు ఏర్పేడుకు వచ్చినప్పుడు, వెంకటగిరి రోడ్డు పక్కనున్న మా చేని గట్టున ఫోన్లోని అయస్కాంత సెన్సార్‌తో పది అడుగులకొక కొలత తీసింది. మధ్యాహ్నం కర్ర నీడ చూసి ఉత్తరం గుర్తు పెట్టింది నేనే. రాత్రికి తను పైథాన్ ప్రోగ్రామ్‌తో ఆ కొలతలకు బాణాలు గీసింది. చూస్తే అన్నీ తూర్పుకే తిరిగి ఉన్నాయి!

"తాతా, మన నేలలో ఇనుము ఉందేమో" అనింది.

ఇనుము కాదు. భూఅయస్కాంత శాస్త్రంలో ఎక్స్ అంటే ఉత్తరం, వై అంటే తూర్పు. గ్రాఫులో ఎక్స్ కుడికి పోతుంది, అంటే పటంలో తూర్పుకి. ఆ రెండు వరసలూ తారుమారు చేయగానే బాణాలు ఉత్తరానికి తిరిగాయి. బోరు ఇనుప పైపు దగ్గరివి మాత్రం వంకర్లు పోయాయి. అది నిజమైన వంకరే.

ముప్పై ఏళ్లు బళ్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. బాణం పొడవంటే అక్కడి అయస్కాంత బలం. అది చూసి నా మనసు నిండింది. 1701లో ఎడ్మండ్ హేలీ అట్లాంటిక్ సముద్రానికి గీసిన పటంలో దిక్సూచి సూది ఉత్తరం నుంచి ఎంత తప్పుతుందో ఉంది గానీ బలం ఎంతో లేదు. సూది ఊగే వేగంలో దాని సొంత బలమూ భూమి బలమూ కలిసిపోతాయి మరి. 1832లో జర్మన్ గణితవేత్త గౌస్ ఆ ముడి విప్పాడు. ఊగిసలాట నుంచి రెండు బలాల లబ్ధం వస్తుంది, అదే అయస్కాంతం ఇంకో సూదిని ఎంత పక్కకు తిప్పిందో చూస్తే వాటి నిష్పత్తి వస్తుంది. రెండూ కలిపితే భూమి బలం విడిగా తేలుతుంది. ఎంత అందమైన ఉపాయం!

అది మన వైపుకు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మద్రాసు నక్షత్రశాల టేలర్, తిరువనంతపురం కాల్డెకాట్ కలిసి దక్షిణాదిలో సూది వాలునూ బలాన్నీ కొలిచి 1839లో అచ్చు వేయించారు. 1841లో మద్రాసులో వరసగా కొలిచే పని మొదలైంది. అంకెలన్నీ చేత్తో రాసినవే. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) కూడా అలాంటి పని చేపట్టింది. నగరంలో అయస్కాంత రొద పెరిగాక చౌటుప్పల్‌లోనూ కొలుస్తున్నారు.

పొద్దున మనవరాలు పటం మూలన కొలబద్దగా ఒక చిన్న బాణం గీసి, పక్కన "40 మైక్రోటెస్లా" అని రాసింది. దాని కింద తేదీ, వేళ వేయమన్నాను. వేసింది.